సిస్టరమ్మ అడిగిన మాట

నా చిన్నప్పుడు ములకలపల్లి దగ్గరి మా ఊళ్లో పదో తరగతి ఫలితాలంటే పిల్లలకన్నా పెద్దలకే గుండె దడ. పేపర్లో మా అక్క నంబరు లేదని తెలిసిన రోజు మా ఇంట్లో ఎవరూ నోరెత్తలేదు. అమ్మ పొయ్యి దగ్గర, నాన్న అరుగు మీద, అక్క లోపలి గదిలో. దాని ముందు ఆ ఊసే తేవద్దని అమ్మ నన్ను గట్టిగా హెచ్చరించింది. చెడ్డ మాట పలికితే తథాస్తు దేవతలు అలాగే కానిమ్మంటారని మా వైపు అందరికీ భయం.

నాకు మాత్రం ఆ రోజు పండగే. అక్క తన ఎర్ర రిబ్బన్లు, అంతకుముందు ముట్టుకుంటేనే మొట్టికాయ వేసే పూసల దండ, పిలిచి మరీ నాకు ఇచ్చేసింది. అంత మంచితనం ఎక్కడినుంచి వచ్చిందో ఆలోచించే వయసా నాది? అన్నీ పెట్టుకుని వాకిట్లో గెంతుతున్నాను.

అప్పుడే సబ్ సెంటర్ నర్సమ్మ వచ్చింది. ఊరంతా సిస్టరమ్మ అనేవాళ్లు. బడిలో సారు పేపరు చూడగానే ముందు ఆమెకే కబురు పంపాడని తర్వాత తెలిసింది. నా జడలు చూసి ఆగిపోయింది.

"ఎవరిచ్చిన్రే గివి?"

అక్క ఇచ్చిందని గొప్పగా చెప్పాను. ఆమె ముఖంలో నవ్వు పోయింది. పత్తికి కొట్టే మందులన్నీ నాన్నతో ఇంట్లోంచి తీయించి, చేను దగ్గర మోటారు గదిలో పెట్టి తాళం వేసి రమ్మంది. తర్వాత వెళ్లి అక్క పక్కన కూర్చుంది.

"బిడ్డా, చచ్చిపోదామని అనిపిస్తుందా?"

అమ్మ పొయ్యి దగ్గరి నుంచి ఉరికొచ్చింది. "ఏందా మాట సిస్టరమ్మా! తథాస్తు దేవతలుంటరు, జర మంచిగ మాట్లాడుండ్రి!"

"ఉండనియ్ వదినా. మనం అడగకుంటే అది అనుకోకుండ ఉంటదా?"

అక్క గోడవైపు తిరిగి "అవ్" అంది. ఇక కట్ట తెగినట్టు ఏడుపు. సిస్టరమ్మ ఓదార్పు మాటలేవీ చెప్పలేదు, పట్టుకున్న చేయి వదల్లేదు. నేను భయపడిపోయి రిబ్బన్లు ఊడదీసి అక్క ఒళ్లో పడేశాను. ఎందుకో అవి నాకు వద్దనిపించింది.

మర్నాడు ఆమే అక్కను కొత్తగూడెం దవాఖానాకు తీసుకెళ్లి డాక్టరుకు చూపించింది. ఆ తర్వాత కూడా చాలాసార్లు తీసుకెళ్లింది. అక్క ఇప్పుడు తల్లాడలో ఉంటుంది. మిర్చి కల్లానికి నేను ఆలస్యంగా వెళ్తే ఇప్పటికీ తిడుతుంది. ఆ తిట్లు వినడానికే వెళ్తానని దానికి చెప్పలేదు.

ఇప్పుడు ఫలితాలు సెల్లులో వస్తున్నాయి. మా బడి పంతుళ్లు, సబ్ సెంటర్ వాళ్లు కలిసి తప్పిన పిల్లల ఇళ్లకు వెళ్తారు. నేనూ వెంట వెళ్తాను. పరాయి పిల్లల్ని అడగడం కాస్త తేలికే. ఈసారి మా మనవరాలే తప్పింది. తనకేం బాధ లేదని నవ్వుతూనే చేతి వాచీ తీసి తమ్ముడికి పెడుతోంది. తథాస్తు దేవతల భయం అమ్మ పాలతో వచ్చింది, ఎక్కడికి పోతుంది? అయినా పక్కన కూర్చుని చేయి పట్టుకుని ఆ మాట అడిగాను.

దాని నవ్వు ఆగిపోయింది. "నీకెట్ల తెలిసింది అమ్మమ్మా?" అంది.

రిబ్బన్ల సంగతి చెప్పాను. రేపు దాన్ని డాక్టరు దగ్గరికి తీసుకెళ్తున్నాను. రెండో చేయి పట్టుకోవడానికి మా అక్క తల్లాడ నుంచి వస్తోంది.