కట్ట మీద దుంగ

ఆయన్ని అందరూ బాణాలాయన అనేవాళ్ళు. అసలు పేరు జీతాల పట్టీలో ఉండేది. దాంతో పిలవాల్సిన అవసరం ఎవరికీ పడలేదు. అడవిలోంచి, చెరువు కట్టల మీదుగా, సైకిళ్ళు తొక్కేవాళ్ళ కోసం కంకర పోసి వేసిన బాటలున్నాయి. బాట చీలిన చోటల్లా గుంజ పాతి, దానికి పసుపు బాణం కొట్టడం ఆయన పని. వానకి కొట్టుకుపోయిన చోట మళ్ళీ కంకర పోసి చదును చెయ్యడం, దారి మీదికి వంగిన కొమ్మలు నరకడం కూడా ఆయన వంతే. అంతకు ముందు కోతమిల్లులో చేసేవాడు. అక్కడ ఎడమచేతి చిటికెన వేలు పోయింది, తర్వాత మిల్లే పోయింది. బాటల ఆఫీసు వాళ్ళు ఉద్యోగంతో పాటు, పనిముట్ల షెడ్డుకి ఆనుకుని ఉన్న రెండు గదులు కూడా ఇచ్చారు. వంటగది గోడకి అవతల పారలూ గునపాలూ ఉండేవి. అటు ఎవరైనా పార తీస్తే ఇటు గూట్లో గిన్నెలు మోగేవి.

సెలవు రోజొస్తే చాలు, లావు టైర్ల సైకిళ్ళ మీద పట్నం జనం దిగేవాళ్ళు. ఒళ్ళంతా బురద, మోకాళ్ళు గీరుకుపోయి, అయినా పళ్ళికిలిస్తూ షెడ్డు ముందు కుళాయి కింద కాళ్ళు కడుక్కునేవాళ్ళు.

"ఒళ్ళు హూనం చేసుకోడానికి సెలవు పెట్టుకుని మరీ వస్తారేమిటే వీళ్ళు?" అనేవాడు భార్యతో.

"మీకు సెలవు పెట్టకుండానే అవుతోందిగా, వాళ్ళ అవస్థ మీకేం తెలుస్తుంది" అనేది ఆవిడ.

ఆవిడ తమ్ముడు ఆ చెరువులకి కావలి మనిషి. చేపల గుత్తేదారు దగ్గర పని. నోరు మూతపడదు.

"నీ బాణాలు మరీ ఎక్కువైపోయాయి బావా. వాటిని చూసి నా చేపలు పక్క చెరువులోకి పోతున్నాయి."

"అయితే చదువొచ్చిన చేపలన్నమాట. నీ పెంపకం అయ్యుండదు."

చేపలు పట్టాలంటే తూము ఎత్తి చెరువు ఖాళీ చేస్తారు. నీళ్ళు దిగిపోయాక, అన్నాళ్ళూ నానిన కట్టకి లోపలి వైపు ఆసరా ఉండదు. పైకి రాయిలా కనిపిస్తుంది, లోపలంతా గుల్ల. అది ఆరేదాకా దాని మీద ఎవరూ అడుగు పెట్టకూడదు. అందుకని కట్టకి రెండు కొసలా అడ్డంగా ఓ దుంగ పడేస్తారు. చేపలవాళ్ళకి, కట్టెలు కొట్టుకునేవాళ్ళకి, పశువుల్ని తోలుకెళ్ళేవాళ్ళకి ఇక వేరే చెప్పక్కర్లేదు. దుంగ కంటబడితే చుట్టు తిరిగి పోతారు. కంకర బాట వచ్చాక దానికి ఇంకో పని తోడైంది. కట్ట వైపు చూపించే బాణానికి గోనె సంచి తొడిగి తాడు బిగించాలి. దుంగ వెయ్యడం బావమరిది పని, గోనె కట్టడం బావ పని. ఆఫీసులో ఎవరూ పెట్టిన పద్ధతి కాదది. ఇద్దరూ నోటిమాటగా అనుకున్నదే.

ఆ ఏడు వానలు వెనకపట్టు పట్టకుండానే గుత్తేదారు తొందరపెట్టాడు. టీ కొట్టు దగ్గర బావమరిది ఆ కబురు చెప్పాడు.

"పెద్ద చెరువు తూము ఎత్తేశా బావా. దుంగలు వేసేశాను. నీ బాణానికి గోనె కట్టు."

"కడతాలేరా."

కట్టడానికే బయల్దేరాడు కూడా. సైకిలు వెనక పెట్టెలో సుత్తి, మేకులు, రంగు డబ్బా, గోనె సంచి ఉన్నాయి. దారిలో చిన్న కల్వర్టు దగ్గర వాన నీరు బాటని సగానికి సగం కోసేసింది. ఏ చక్రం దిగినా మనిషి తలకిందులవడం ఖాయం. ఉన్న ఒక్క సంచీలో ఇసక నింపి ఆ గండిలో దిగేశాడు. పైన కంకర వేసి, కాలితో తొక్కి చూసుకున్నాడు. పని బాగా కుదిరింది. పెద్ద చెరువు దగ్గరికి వచ్చేసరికి చేతిలో సంచి లేదు. కట్ట మొదట్లో దుంగ అడ్డంగా పడి ఉంది, నడుం ఎత్తు లావు. గుంజ మీద పసుపు బాణం కట్ట వైపే చూపిస్తోంది. షెడ్డుకి వెళ్ళి ఇంకో సంచి తేవాలి, మళ్ళీ ఇంత దూరం రావాలి. దుంగ ఉందిగా, రేపొద్దున కడదాం అనుకుని ఇంటికి మళ్ళాడు.

ఎన్నేళ్ళుగానో ఆ పట్నం జనాన్ని చూస్తున్నాడు గానీ, ఒక సంగతి మాత్రం ఆయన బుర్రకి తట్టలేదు. సైకిళ్ళ వాళ్ళకి దారిలో దుంగ పడి ఉండటం ఆటలో భాగం. సైకిలు భుజాన వేసుకుని అవతలికి దాటడం, దాటి ఫొటో తీసుకోవడం, వాళ్ళు అంత దూరం వచ్చేది అందుకే.

మర్నాడు ఆయన సంచి పట్టుకుని బయల్దేరేలోపే వచ్చిన వాళ్ళలో ఓ జంట ఉంది. ఇద్దరూ కలిసి కళ్ళజోళ్ళ దుకాణం నడుపుతారు. భర్త వెనక చక్రానికి గాలి కొట్టుకుంటూ ఆగాడు. ఆవిడ బాణం చూసింది, దుంగ చూసింది, సైకిలు ఎత్తి దుంగ దాటించింది. తూము పైకి వచ్చేసరికి కట్ట ఆవిడ కింద నుంచి జారిపోయింది. భర్త వచ్చేసరికి బురదలోంచి ముందు చక్రం ఒక్కటే పైకి కనిపిస్తోంది. ఊళ్ళో వాళ్ళు పారలు పట్టుకుని పరిగెత్తారు. వాళ్ళలో బాణాలాయన కూడా ఉన్నాడు. ఆవిణ్ణి బయటికి తీసేటప్పటికి చెయ్యగలిగింది ఏమీ మిగల్లేదు.

తూము ఎత్తింది ఎవరని అడిగారు పోలీసులు. బావమరిదిని జీపెక్కించారు.

బాటల ఆఫీసు సూపర్‌వైజరు వాళ్ళ ఇంటికి ఎప్పుడూ రాలేదు. ఆ సాయంత్రం వచ్చాడు. ఉన్న ఒక్క కుర్చీలో కూర్చుని, టీ వద్దన్నాడు.

"వాడు నీకు చెప్పలేదు. నీళ్ళు వదిలినట్టు నీకు తెలీదు. విచారణలో ఆ ఒక్క ముక్క అను చాలు."

"చెప్పాడండీ."

"చెప్పాడని ఎవరు విన్నారయ్యా? టీ కొట్టువాడా? పొద్దున ఎవరికి టీ పోశాడో వాడికే గుర్తుండదు." గొంతు తగ్గించాడు. "నువ్వు మా మనిషివి. అతను గుత్తేదారు మనిషి. ఎవరి మనిషిని వాళ్ళు చూసుకోవాలి. ఆ గుత్తేదారు అతనికి ఇంతవరకూ వకీలుని కూడా పెట్టలేదు. నేను నీ ఇంటికొచ్చి కూర్చున్నాను. తేడా చూడు."

"నేను తెలీదంటే వాడేమవుతాడండీ?"

"లోపలికి పోతాడు. తెలుసంటే నువ్వు పోతావు. ఈ గదులూ పోతాయి." లేచి ఓసారి గోడల వైపు చూసి వెళ్ళిపోయాడు.

వంటగదిలోంచి భార్య అంతా విన్నది. చేతులు తుడుచుకుంటూ వచ్చి గుమ్మంలో నిలబడింది.

"వాడు నా తమ్ముడండీ."

"తెలుసు."

"ఈ ఇల్లు పోతే ఎక్కడ తలదాచుకుంటాం?"

"అది తెలీదు."

"రెండూ నేనే అంటున్నాను. ఏది వింటారో మీ ఇష్టం. నన్ను మాత్రం అడక్కండి."

ఆయన అడగలేదు. విచారణ రోజు దాకా ఇంట్లో ఆ మాటే ఎత్తలేదు. రోజూ పనికి వెళ్ళాడు, కొమ్మలు నరికాడు.

విచారణ బాటల ఆఫీసు మేడ మీద పొడుగాటి గదిలో జరిగింది. బల్లకి అవతల అధికారి, ఇటు పక్క సూపర్‌వైజరు, ముందు వరసలో చనిపోయినావిడ భర్త. ఒట్టి చేతులతో బురద తోడినప్పుడు గోళ్ళు లేచిపోయాయి. రెండు చేతులకీ కట్లు ఉన్నాయి. వాటిని మోకాళ్ళ మీద పెట్టుకుని, ఎవరివో అన్నట్టు చూసుకుంటూ కూర్చున్నాడు.

"నీళ్ళు వదిలినట్టు నీకు ముందు తెలుసా?" అడిగాడు అధికారి.

సూపర్‌వైజరు కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు.

"తెలుసండీ. మా బావమరిది చెప్పాడు."

"దుంగ చూశావా?"

"చూశానండీ."

"బాణానికి గోనె కట్టావా?"

"లేదండీ. సంచి కల్వర్టు దగ్గర వాడేశాను. దుంగ ఉంది కదా, ఎవరూ వెళ్ళరనుకున్నాను."

అప్పుడు ఆ భర్త తలెత్తాడు. కోపంగా కూడా అనలేదు. తెలుసుకోవాలని అడిగినట్టే అడిగాడు.

"దుంగ ఉంటే ఆగాలని మాకెవరు చెప్పారండీ? బాణం వెళ్ళమంది. మేం బాణాన్ని చూసుకునే కదా వస్తాం."

బాణాలాయన ఆ కట్లున్న చేతుల వైపు చూశాడు. అధికారి ఇక చాలన్నాడు.

ఉద్యోగం ఆ రోజే పోయింది. గదులు ఖాళీ చెయ్యమన్నారు. కేసు ఆయన మీద పెడతారని, బావమరిదిని వదిలేస్తారని కబురొచ్చింది. వదిలేశారు కూడా. అతను స్టేషన్ నుంచి నేరుగా అక్క ఇంటికే వచ్చాడు. గడ్డం పెరిగి, నోట్లోంచి హాస్యం మొత్తం ఎవరో తోడేసినట్టున్నాడు. అక్క ఇద్దరికీ కంచాలు పెట్టింది.

"నువ్వు ఒప్పేసుకున్నావని స్టేషన్లో చెప్పారు బావా."

"ఊఁ."

"నువ్వు చెప్పకపోయినా వాళ్ళకి తెలుసు. నేను ముందే చెప్పేశాను."

"ఏం చెప్పావురా?" అంది అక్క, గరిటె పట్టుకుని.

"గోనె కట్టాల్సింది బావేనని. నేను చెప్పినా కట్టలేదని." కంచంలోకి చూస్తూ అన్నాడు. "కొట్టలేదక్కా, కనీసం అడగను కూడా లేదు. జీపెక్కిస్తుంటేనే వాగేశాను."

గోనె సంగతి ఆ అధికారి అంత సూటిగా ఎలా అడిగాడో బాణాలాయనకి అప్పుడు అర్థమైంది. తను మేడ మీద నిలబడి కాపాడాననుకున్న మనిషి, అప్పటికే తన పేరు చెప్పేసి ఉన్నాడు. సూపర్‌వైజరు అన్నట్టు తెలీదని చెప్పి ఉంటే అబద్ధం కూడా దొరికిపోయేది. ఇద్దరూ చెప్పింది మాత్రం నిజమే. అందులో పేచీ పెట్టుకోడానికి చోటు లేదు.

"అబద్ధమేం చెప్పలేదుగా. తిను" అన్నాడు.

"ఓ మాట తిట్టు బావా."

"తిడితే నువ్వు హాయిగా నిద్రపోతావు" అన్నాడాయన.

బావమరిది తల దించుకుని ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. ఆవిడ ఇద్దరికీ మధ్య నీళ్ళ చెంబు పెట్టి, గరిటె కడిగి, మిగిలిన సామాను మూట కట్టడానికి లోపలి గదిలోకి వెళ్ళింది.