రొట్టెల సారు

మొన్న పొద్దున, ఒకప్పుడు మాతో పనిచేసిన కాంక్రీటు పంపు ఆపరేటర్ ఫోన్ చేశాడు. "మేస్త్రీ, మన రొట్టెల సారు లేడింక. రాత్రి మెట్‌పల్లిల పానం పోయిందట" అన్నాడు. నాకు రాయడం అంతగా రాదు. అయినా ఆయన గురించి నేను రాయకపోతే ఇంకెవరూ రాయరు.

ఆయన కాంక్రీటు ల్యాబ్ ఇంజినీరు. పెద్దపల్లి దగ్గర పంపుహౌసు గోడ పోసేటప్పుడు కలిశాడు. ఆ గోడలో ఇనుము చెయ్యి దూరనంత దట్టం. కాంక్రీటును కుదిపి సందుల్లోకి దించే వైబ్రేటర్ ఇస్తే పోసి చూపిస్తానన్నాను. ఆయన నవ్వాడు. "నీ చెయ్యే దూరని తాన వైబ్రేటర్ ఎట్ల దూరుతది మేస్త్రీ?"

అంటే తనంతట తానే పారి మూలలు నింపే కాంక్రీటు కావాలి. కాంట్రాక్టరు వేరే సైటులో కాంక్రీటు కలిపిన కొలతల కాగితం తెచ్చాడు. ముందు బలం లెక్కగట్టి, తర్వాత కెమికల్‌తో పారించే పద్ధతి అది. సారు ఒప్పుకోలేదు. అక్కడిది వాగు ఇసుక, ఇక్కడిది రాళ్లు నలగ్గొట్టిన క్రషర్ ఇసుక, రాతిపిండి ఎక్కువ అన్నాడు. సిమెంటు, కరెంటు ప్లాంటు బూడిద, నీళ్లు కలిపిన జావ ముందు పారాలి. అది ఎంత ఇసుకను, ఎంత కంకరను మోస్తుందో చూడాలి. బలం ఆ తర్వాత. ఇదీ ఆయన పట్టు. పని ఆలస్యమైతే సారు ఉద్యోగం ఊడుతుందని కాంట్రాక్టరు అందరి ముందే అన్నాడు.

"గోడ బోలుగ వస్తే మాత్రం ఉంచుతరా?" అని అడిగి, సారు మళ్లీ కలపమన్నాడు.

కలిపిన ప్రతిసారీ ఇనుప పలక మీద గరాటులాంటి డబ్బా పెట్టి, నిండా కాంక్రీటు పోసి, డబ్బా పైకెత్తేవాడు. కాంక్రీటు రొట్టెలా పరుచుకునేది. వెడల్పు కొలవడానికి టేపు తీసేముందు మోకాళ్ల మీద కూర్చుని చుట్టూ చూసేవాడు. "నడుమ కాదు, అంచు జూడు. నీళ్లు ముందుగాల ఉరికినయంటే కంకర ఎన్కనే కూసున్నట్టు" అనేవాడు. మేము పెట్టిన పేరు ఆయనకు తెలుసు. "రొట్టె అయింది, కూరేదిరా?" అని మమ్మల్నే అడిగేవాడు.

కంకర అంచుదాకా వచ్చాకే గోడ పోయనిచ్చాడు. గోడకు కట్టిన చెక్కలు విప్పిన రోజు కాంట్రాక్టరు గోడ పొడుగునా సుత్తితో కొట్టుకుంటూ పోయాడు. ఎక్కడా బోలు చప్పుడు రాలేదు. నేను పోసిన గోడ, ఎందుకొస్తుంది. ఆయన కలిపించిన కాంక్రీటు, అదీ నిజమే. సారు ఉద్యోగం నిలిచింది.

సరిగా పారని రొట్టెలు మందంగా గట్టిపడితే, మేము ఇళ్లకు తెచ్చుకున్నాం. మా నల్లా కింద బట్టలుతికే బండ అదే. ఫోన్ పెట్టేసి బయటికొస్తే మా ఇంటామె దాని మీద బకెట్ కుమ్మరించింది. నీళ్లు గుండ్రంగా పరుచుకున్నాయి. నేను వంగి అంచు చూశాను.