చెక్కభజన తెచ్చిన నిద్ర

మా ఆయన కుప్పుస్వామికి నిద్ర పట్టని జబ్బు ఎప్పుడు మొదలైందో చెప్పలేను. బీడీ జబ్బు మాత్రం పెళ్లినాటికే ఉంది. నిద్ర రాలేదని లేచి బీడీ కాల్చేవాడు, బీడీ కాల్చాక ఉన్న కాస్త నిద్రా పారిపోయేది. "పొగబండి కూడా స్టేషన్లో కాసేపు ఆగుతాది గదయ్యా!" అని నెత్తి కొట్టుకునేదాన్ని. తాయెత్తు కట్టించాను, దిష్టి తీశాను. ఏం లాభం?

ఆయన నడిపేది బడిపిల్లల వ్యాను, మా ఊరి నుంచి పుత్తూరుకు. కిందటేడు ఒక పొద్దున స్టీరింగ్ పట్టుకునే కునికాడు. వ్యాను రోడ్డు దిగి చెరకుతోటలోకి పోయింది. పిల్లల క్యారియర్లు ఒలికాయి గానీ, దేవుడి దయవల్ల ఒక్క బిడ్డకూ ఎముక విరిగి పుత్తూరు కట్టు కట్టించే పని పడలేదు. మర్నాడు ఊళ్లో ఒక్కరూ పిల్లల్ని పంపలేదు. ఎట్లా పంపుతారు? నేనే తాళంచెవి తీసి బియ్యం డ్రమ్ములో పూడ్చాను.

"కంటినిండా నిద్రపోయిందాకా దీన్ని అడగొద్దు" అన్నాను. ఎప్పుడూ నాతో వాదించే మనిషి, ఆ రోజు అరుగు మీద కూర్చుని ఏడ్చాడు.

ఆ సాయంత్రం చిన్నబ్బ మామ వచ్చాడు. మా ఊరి చెక్కభజన గురువు. ఆయన మనవరాలు ఐశ్వర్య కూడా ఆ వ్యానులోనే ఉండింది. తిట్టడానికే వచ్చాడనుకున్నాను. ఆయన మాత్రం సంచిలోంచి ఒక జత భజన చెక్కలు తీసి మా ఆయన చేతిలో పెట్టాడు.

"దినామూ దీపాలు పెట్టేపొద్దుకు గుడికాడికి రా అప్పా. ఒకటే మాట. చెక్కలు పట్టినోడు తెల్లారిందాకా బీడీ ముట్టగూడదు."

"నాకు అడుగులు యాడొస్తాయి మామా?"

"రాకుంటే ఎగురు. కాళ్లుండాయి గదా!"

చెక్కభజన చూసేవాళ్లకు పాట, ఆడేవాళ్లకు చెమట. గుండ్రంగా తిరగాలి, వంగాలి, ఎగరాలి, నోరు పాట వదలకూడదు. మొదట్లో మా ఆయన సగం పాటకే చతికిలబడి దగ్గేవాడు. గుంపంతా నవ్వేది. నేనూ నవ్వాను, అబద్ధమెందుకు! ఇంటికొచ్చి బీడీ కోసం చొక్కా జేబులన్నీ తడుముకుని, నా మీద అరిచి, కాళ్లు లాగుతున్నాయని మూలుగుతూ పడుకునేవాడు. రానురాను మూలుగు పోయి గురక వచ్చింది. దానితో నా నిద్ర చెడింది, చెడితే చెడనీ! ఆ చప్పుడు వింటూ హాయిగా పడుకునేదాన్ని. బీడీ పూర్తిగా మానలేదు. పొద్దున టీ తాగాక ఒకటి కాలుస్తాడు, నేను చూడనట్టే ఉంటాను.

ఎండాకాలం సెలవులైపోయి బడి తెరిచిన రోజు డ్రమ్ములోంచి తాళంచెవి తీసిచ్చాను. ఆయన వ్యాను కడిగి, బొట్లు పెట్టి, వీధి మొదట్లో నిలబెట్టి హారన్ కొట్టాడు. ఒక్క తలుపూ తెరుచుకోలేదు. మళ్లీ కొట్టడానికి ఆయనకు చెయ్యి రాలేదు.

అప్పుడు చిన్నబ్బ మామ ఐశ్వర్య చెయ్యి పట్టుకుని వచ్చాడు. పిల్లను ఎత్తి ముందుసీట్లో, మా ఆయన పక్కనే కూర్చోబెట్టాడు. నేను మామ కాళ్లకు మొక్కబోతే వెనక్కి జరిగాడు.

"ఏందమ్మా ఇది! దినామూ నీ మొగుని గురక మా ఇంటిదాకా ఇనపడతా ఉండాది. నాకింకేం బయం?"

ఎదురింటి తలుపు తెరుచుకుంది.