ఆడవాళ్ళ వైపు చాప

మా మావయ్య పోయారు. మంగళవారం పొద్దున్న గోల్‌మురి పేట నుంచి చర్చి పెద్ద ఒకాయన ఫోన్ చేసి, "మీ మావయ్య ఇంక లేవలేదు బాబూ" అన్నాడు. టీ గ్లాసు నా చేతిలోనే ఉంది. అది చల్లారేదాకా అలాగే పట్టుకుని కూర్చున్నాను. ఈ కబురు చెప్పడానికి ఇంట్లో ఎవరూ లేరు.

ఆయన మా అమ్మ తమ్ముడు. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి, ఈ హిందీ మాట్లాడే ఊళ్ళో కార్ఖానాలో క్రేన్ నడిపి రిటైరయ్యారు. ప్యాంటు చైనులో పడకుండా కాలికి క్లిప్పు పెట్టుకుని సైకిల్ తొక్కేవారు. ఆ క్లిప్పు తీయడం మరిచిపోయి, అలాగే చర్చిలోకి వచ్చేసేవారు. ఆయనకి మాట తక్కువ, దగ్గు ఎక్కువ.

మా తెలుగు చర్చిలో మగవాళ్ళు కుడివైపు, ఆడవాళ్ళు ఎడమవైపు చాపల మీద కూర్చుంటారు. మావయ్య గురించి ఏం చెప్పాలన్నా ఆ చాపల దగ్గరే మొదలుపెట్టాలి.

పదేళ్ళ కిందట మా అత్త ఆయన్ని వదిలేసి, సోనారి పేటలో ఇంకొకతనితో ఉండడానికి వెళ్ళిపోయింది. రెండేళ్ళకి ఆరోగ్యం పాడై, ఒక్క సంచీతో తిరిగొచ్చింది. మావయ్య తలుపు తీశారు. చర్చి పెద్దలు మాత్రం ఊరుకోలేదు. ఆమెని సంఘం ముందు నిలబెట్టి తప్పు ఒప్పించాలన్నారు. "నువ్వు ఊ అంటే చాలు" అన్నారు ఆయనతో. నేను అక్కడే ఉన్నాను. నిజం చెప్పొద్దూ, ఆయన ఊ అనాలనే నాకూ ఉంది.

"ఆ రెండేళ్ళూ నాను రోజూ అదే సూసుకున్నాను బాబూ. అది అందరి ముందూ తల దించుకుని నిలబడ్డట్టు. కళ్ళు మూత్తే అదే సినిమా," అన్నారు మావయ్య. "ఇప్పుడది నా ఇంట్లోనే, అన్నం తినలేక కూకుంది. ఇంకేటి సూడాల?"

తరవాతి ఆదివారం అత్త చర్చికి వచ్చింది. కిటికీ పక్కన కూర్చోగానే చుట్టూ ఉన్న ఆడవాళ్ళు లేచి అవతలికి జరిగిపోయారు. చాప మీద ఆమె ఒక్కతే మిగిలింది. మావయ్య మగవాళ్ళ వైపు నుంచి లేచి, అందరి మధ్య నుంచి నడిచి వెళ్ళి, ఆమె పక్కన కూర్చున్నారు, కాలికి క్లిప్పుతో సహా. పాస్టరుగారు పాట ఆపి చూశారు.

"చలియే సార్, కానియ్యండి, పాడండి," అన్నారు మావయ్య.

ఆ రోజు నుంచి ఆయన చోటు అదే. ఆరాధన అవగానే అందరికంటే ముందు బయటికొచ్చి, చెప్పుల గుట్టలో అత్త చెప్పులు వెతికి, ఆమె కాలు పెట్టుకోవడానికి వీలుగా గుమ్మం ముందు తిప్పి పెట్టేవారు. కుర్రాళ్ళు నవ్వేవారు. ఆయన పట్టించుకునేవారు కాదు. రెండేళ్ళ కిందట అత్త పోయాక కూడా ఆ కిటికీ దగ్గరే కూర్చున్నారు, పక్కన ఒక మనిషికి చోటు వదిలి.

ఇక నా సంగతి. మూడేళ్ళ కిందట నా భార్య నా నోటి దురుసు పడలేక, సిద్ధగోరాలో వాళ్ళ అన్నగారింటికి వెళ్ళిపోయింది. నాకు ఒళ్ళు మండిపోయింది. అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ, ఆమెకి వేరే మనిషి ఉన్నాడని చెప్పాను. అది పచ్చి అబద్ధం. అత్త కథ అందరికీ తెలుసు కనక నా మాట ఇట్టే నమ్మేశారు. నా భార్య చర్చికి రావడం మానేసింది. నేను గెలిచాననుకున్నాను.

మావయ్యకి నిజం తెలుసు. ఒకసారి సైకిల్ తుడుచుకుంటూ అడిగారు.

"గెల్సేవు కదా. ఇప్పుడేటి సేత్తన్నావురా ఇంట్లో?"

"ఏం చేస్తాను మావయ్యా, వండుకుంటున్నాను."

"ఒక్కడికేనా?"

కోపమొచ్చి లేచాను. వెనక నుంచి ఆయన గొంతు వినిపించింది. "ఒరే, దాన్ని నువ్వెక్కడ కూకోబెట్టేవో నాకు తెల్సు. మీ అత్త కూకున్న సోటే. అక్కడికి నువ్వెల్లాల, నాను కాదు."

నేను వెళ్ళలేదు. ఆయన మళ్ళీ అడగలేదు.

మావయ్యని మట్టి చేసిన తరవాతి ఆదివారం, అయినవాళ్ళని ఓదార్చడానికి చర్చిలో ఆదరణ కూడిక పెట్టారు. నా భార్య వచ్చింది. మావయ్యంటే ఆమెకి ప్రాణం. వెళ్ళి ఆ కిటికీ పక్కనే కూర్చుంది. ఆడవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకుని, అవతలికి జరిగారు.

మేనల్లుడిగా నన్ను నాలుగు మాటలు చెప్పమన్నారు. రాసుకున్న కాగితం జేబులోంచి తీయలేదు. "నా భార్య గురించి మీకు నేను చెప్పిందంతా అబద్ధం. కచ్చతో చెప్పాను. ఆమె ఏ తప్పూ చేయలేదు," అన్నాను. మావయ్య గురించి ఒక్క ముక్కా చెప్పలేకపోయాను. తిరిగి కుడివైపు వెళ్ళకుండా, ఎడమవైపు వెళ్ళి ఆమెకి మూరెడు దూరంలో కూర్చున్నాను.

ఆమె నా వైపు చూడలేదు. లేచి వెళ్ళిపోనూ లేదు.

చివరి పాట కాగానే నేను బయటికి పరుగెత్తి, చెప్పుల గుట్ట ముందు కూర్చున్నాను. ఆమె చెప్పులు ఏవో నాకు తెలియలేదు. మూడేళ్ళలో ఎప్పుడు కొత్తవి కొనుక్కుందో, ఎలాంటివి వేసుకుంటోందో. ఎవరివో ఒక జత చేతిలో పట్టుకుని ఉండగానే ఆమె వచ్చి, పక్కనున్న జత తనే వేసుకుని, ఆటో ఎక్కి వెళ్ళిపోయింది.

నీలం పట్టీల జత. ఎడమ చెప్పు మడమ దగ్గర అరిగిపోయింది. గుర్తు పెట్టుకున్నాను.