సారు శనివారం చీటీ, నా మూడు ఇప్పచెట్లు

అందరూ బాగున్నరా? చాయ్ హోటల్ తమ్ముడూ, నీ దగ్గు తగ్గిందా, ఇంకా ఆ బీడీ పట్టుకునే ఉన్నవా? అంగన్‌వాడీ కోడలా, మోకాలు వాపు ఎట్లున్నది? తర్రెం దిక్కు బండి తోలే అల్లుడా, బీపీ గోలీ మర్చిపోవట్లేదు కదా? మన సారు సోమవారం పొద్దున పోయిండు. చాయ్ గ్లాసు చేతిలో ఉండంగనే గుండె ఆగిందట. ఊరందరినీ అడిగేదాన్ని, ఆయన్నే సరిగ్గ అడగకపోతిని. అడిగినా ఏం లాభం? "నాకేమైతది అక్కా, ముందు ఇది చదువు" అనేటోడు.

తెల్వనోళ్ల కోసం చెప్తున్న. బడి కొలువు అయిపోయినంక సారు ప్రతి శనివారం పాత క్యాలెండర్ కాగితం వెనక నాలుగు చదువుల పేర్లు రాసేటోడు, సెలవు దినాల్లో చదవాల్సినవి. ఒకటి పండుగలూ పాటల మీద, ఒకటి పాతకాలం మీద, ఒకటి రాజకీయం. నాలుగోది, పట్నం చదువులోళ్లు ఊర్లు తిరిగి మనలాంటోళ్ల మీద రాసింది. చీటీతో పాటు ఆ కాగితాలూ సైకిల్ మీద తెచ్చి పంచేటోడు. నూనె చేతులతోటి ముట్టొద్దని మళ్లీ షరతు!

నా చదువు రెండో తరగతే. అక్షరం అక్షరం కూడబలుక్కునేసరికి పొయ్యి మీద అన్నం మాడేది. "ఈ చింతపండు గింజలు ఎవరు తీస్తరు సారూ, నీ చరిత్రనా?" అని కసిరేదాన్ని. నాకన్నా చిన్నోడు, నువ్వనే పిలిచేదాన్ని. "చేతులు గింజలు తీస్తయి, నోరు చదువుతది" అని అక్కడనే కూసుని తనూ ఒలిచేటోడు. గింజతోటి సగం పండు పారేసేటోడు. హిందీవి తనే చదివి మన మాటల్లో చెప్పేటోడు. రాజకీయం రాంగనే నేను తలుపు మూసేదాన్ని.

"మెల్లగ సారూ, గోడలకు చెవులుంటయి."

"ఉండనీ అక్కా, అవీ నేర్చుకుంటయి."

ఇట్లాంటి మనిషితో ఎట్ల వేగాలె?

మొన్న చలికాలంల నాలుగోదిగ ఒక పుస్తకం తెచ్చిండు. మూడేండ్ల కింద సర్వే పిల్ల ఒకతి మా ఊరికి వచ్చి, ఏ చెట్లు ఎవరివని అడిగి పోయింది. ఆమె రాసిందే. సారు చదివిండు: ఈ ఊర్ల ఆడోళ్లకు ఒక్క చెట్టు మీద కూడా హక్కు లేదట.

"నీ మూడు ఇప్పచెట్లు ఏమైనయి అక్కా?"

అవి మా అమ్మ నాకిచ్చినయి, నా తర్వాత నా బిడ్డవి. కానీ ఆ పిల్ల చేతిల కాగితం చూడంగనే నాకు భయమైంది. నా పేరు రాస్తే సర్కారోళ్లు చెట్లు గుంజుకుంటరేమోనని, అన్నీ మొగోళ్లవేనని చెప్పిన. సారు తల కొట్టుకున్నడు. "భయంతో చెప్పింది కూడా అచ్చయితే నిజమై కూసుంటది" అన్నడు. ఆయన అన్నట్టే అయ్యింది. మా మరిది ఆ పేజీ ఫోన్ల ఫోటో తీసుకున్నడు. ఇప్పపువ్వు ఏరుడుకు నా బిడ్డ రావద్దంటున్నడు, కితాబులనే ఉన్నదంట!

తప్పు దిద్దుమని ఉత్తరం రాస్తా, నువ్వు చెప్పమని సారు ఎన్ని శనివారాలు అడిగిండో. ఇయ్యాల తల నొప్పి, రేపు వాన, ఎల్లుండి భయం. విసుక్కుంటనే ఉన్నడు, వస్తనే ఉన్నడు.

పోవుడుకు ముందటి శనివారం ఇచ్చిన చీటీ ఇప్పుడు నా ముందట ఉన్నది. నాలుగు లేవు దాని మీద, ఒక్కటే ఉన్నది: "వచ్చే శనివారం చదువుడు లేదు. అక్క చెట్ల కింద అక్క చెప్తది, అందరం విందాం. సర్వే అమ్మాయిని రమ్మన్న." నన్ను ఒక్క మాట అడగలే. రోజు పెట్టిండు, తను పోయిండు. ఎవరిమీద కోపం చూపియ్యాలె నేను?

నిన్న ఆ పిల్ల ఫోన్ చేసి, రావాల్నా వద్దా అవ్వా అని అడిగింది. నోట్లకెళ్లి రా అనే వచ్చింది.

పొద్దున పోయి చెట్ల కింద ఆకులు ఊడ్చిన. నా బిడ్డ చాపలు తెస్తది. తమ్ముడూ, కోడలా, అల్లుడా, గోలీలు వేసుకుని రాండ్రి. మరిదినీ రమ్మని చెప్పిన. చింతపండు బుట్ట కూడా తెస్త, దాని పక్కన ఒక చాప సారు కోసం పరుస్త. ఈ శనివారమే, పొద్దున తొమ్మిదింటికి.