ముసలి నక్షత్రాల వేడి

ఒమాన్ దేశంలోని రుస్తాఖ్‌లో ఒక కాలేజీలో ఫిజిక్స్ చెప్పే కెజియా, క్లాసు లేని గంటల్లో పీహెచ్‌డీ పని ముందేసుకుంటుంది. దూరపు గెలాక్సీల్లో కొత్తగా పుట్టిన నక్షత్రాల వెలుగును ధూళి మింగి వేడెక్కుతుంది. ఆ వేడి కంటికి కనబడని పరారుణ కాంతిగా బయటికొస్తుంది. దాన్ని కొలిచి, అక్కడ ఏడాదికి ఎన్ని నక్షత్రాలు పుడుతున్నాయో ఆమె అంచనా వేస్తుంది. అంకె రాసే ముందు పెన్ను మూతను పంటితో నొక్కడం అలవాటు. నాలుగేళ్ల పనిని ఒక పరిశోధన పత్రిక అచ్చుకు తీసుకున్నాక, మొన్న మళ్లీ సరిచూస్తుంటే ఆ నొక్కడం ఆగిపోయింది. ధూళిలోని వేడిలో సగం ముసలి నక్షత్రాలదే. తను మొత్తం కొత్తవాటి ఖాతాలో వేసింది. వెంటనే వైజాగ్‌లోని గైడుకు ఫోన్ చేసింది.

“పేపరు వెనక్కి తీసుకుందామండి. పుట్టేవి మనం రాసినదాంట్లో సగమే.”

“ఎవరు చూస్తారమ్మా? నీ పీహెచ్‌డీ ఇంకో ఏడాది ఆగిపోద్ది.”

“నేను చూసేశాను కదండీ.”

“సరే, ఉత్తరం నువ్వే రాయి” అన్నాడాయన. పత్రికకు నాలుగు వాక్యాలు రాసింది. పేపరు మీద ఇద్దరి పేర్లున్నా, పొరపాటు ఎవరిదో చెప్పిన వాక్యంలో తన పేరొక్కటే పెట్టింది. పంపేసి, ముఖం కడుక్కుని క్లాసుకు వెళ్లింది.