పెద్ద బిళ్ల ఏడ వోయింది?

మా ఆఫీసులో ఎవరైనా దయ్యం మాట ఎత్తితే ముందు నా వైపే చూస్తారు, నేనేం వెక్కిరిస్తానో అని. గచ్చిబౌలిలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టింగ్ చేస్తాను. నమ్మకపోవడమే నా ఉద్యోగం. ఎవరైనా వచ్చి "ఇలా జరిగింది" అంటే "మళ్ళీ జరిపించి చూపించు" అంటాను. చూపించలేకపోతే పక్కన పడేస్తాను. చిన్నప్పుడు తణుకులో మా నాయనమ్మ చెప్పే దయ్యం కథల్లో కూడా తప్పులు పట్టి తిట్లు తిన్నవాణ్ణి.

ఇప్పుడు చెప్పబోయేది మాత్రం నేను ఎంత తన్నుకున్నా తేల్చలేకపోయాను. అయినా సంతోషంగానే చెబుతున్నాను. నేనిది రాస్తుంటే మా ఆవిడ పక్క గదిలో ఫోన్‌లో ఎవరితోనో పకపకా నవ్వుతోంది.

మా ఆవిడ పేరు స్వప్న. వాళ్ళది చేవెళ్ళ దగ్గర పల్లె. ఇద్దరం ఒకే ఆఫీసులో పరిచయమై పెళ్ళి చేసుకున్నాం. నాది "అండీ" భాష, తనది "ఏంది" భాష అని స్నేహితులు ఏడిపిస్తుంటారు.

పెళ్ళయిన ఆరో ఏట తనకి లూపస్ అని తేలింది. రోగాలతో పోరాడాల్సిన శక్తి మన ఒంటి మీదే తిరగబడే జబ్బు అది. ఆ శక్తిని అణచడానికి స్టెరాయిడ్, ఇంకో మందు వేసుకోవాలి. అణిచినప్పుడు మామూలు మనుషుల జోలికి రాని క్రిములు కూడా మీదికొస్తాయి. అందుకని ముందు జాగ్రత్తగా వారానికి మూడు రోజులు ఇంకో మాత్ర కూడా రాశారు.

మందుల సంగతి మా అత్తయ్యగారు చూసుకునేవారు. కూతురికి జబ్బని తెలియగానే నల్లగండ్లలో మా ఫ్లాటుకి వచ్చి మాతోనే ఉండిపోయారు. ఆవిడకి చదువు రాదు, లెక్క మాత్రం తప్పదు. పోపుల డబ్బాలో ఏడు గిన్నెలుంటాయి కదా, ఆవాలూ జీలకర్రా తీసేసి కడిగి, ఏడు రోజులకి ఏడు గిన్నెలు చేశారు. ప్రతి ఆదివారం నేల మీద కూర్చుని వారానికి సరిపడా మాత్రలు పంచేవారు. మందుల పేర్లతో ఆవిడకి పని లేదు, రంగూ సైజూ చాలు. అయిపోతే మాత్రల ఖాళీ అట్ట తీసుకెళ్ళి కింద మెడికల్ షాపులో చూపించి తెచ్చేవారు.

నేనూ తక్కువ తినలేదు. అన్ని మందులకీ ఎక్సెల్ షీటు తయారు చేశాను. పేరు, మోతాదు, మొదలెట్టిన తేదీ, మార్చిన తేదీ, అన్నీ రంగులేసి మరీ పెట్టాను. పోపుల డబ్బా చూసి లోలోపల నవ్వుకునేవాణ్ణి కూడా.

ఒక రోజు ఆఫీసు మీటింగులో ఉండగా క్లినిక్ నుంచి ఫోన్ వచ్చింది. రిపోర్టులు బాగున్నాయట, రెండు స్టెరాయిడ్ మాత్రల్లో ఒకటి ఆపి మోతాదు తగ్గించమన్నారు. షీటులో మార్చేసి, ఇంటికి ఫోన్ చేసి అత్తయ్యగారికి ఒక్క ముక్కలో చెప్పి, మళ్ళీ మీటింగులో పడ్డాను.

రెండు నెలలు గడిచాక స్వప్నకి పొడి దగ్గు మొదలైంది. తర్వాత సన్నగా జ్వరం. ఒక సాయంత్రం వంటింట్లోంచి హాల్లోకి వచ్చి రొప్పుతూ సోఫాలో కూలబడింది. "దమ్ము వస్తుంది, ఏందో తెలుస్తలేదు" అంది. వేలికి మిషన్ పెట్టి చూస్తే ఆక్సిజన్ ఎనభై ఎనిమిదే ఉంది. కారులో హాస్పిటల్‌కి తీసుకెళ్తూ నేను ఏమేం మాట్లాడానో నాకు గుర్తులేదు.

న్యుమోనియా అన్నారు. విడిగా ఒక గదిలో పెట్టారు. గది బయట బల్ల మీద రిజిస్టరు ఉండేది. లోపలికెళ్ళే ప్రతి మనిషీ పేరు, టైము రాసి, మాస్కు, గౌను వేసుకుని వెళ్ళాలి. పేషెంటుకి తోడు ఒక్కరే. కాబట్టి నేను అక్కడ, అత్తయ్యగారు ఇంట్లో.

చేర్చుకునేటప్పుడు ఏమేం మందులు వాడుతున్నారని అడిగారు. నేను గర్వంగా షీటు ప్రింటు తీసి ఇచ్చాను. ఊపిరితిత్తుల డాక్టరుగారు, నలభై ఏళ్ళావిడ, అది చూసి మెచ్చుకున్నారు. "అందరూ ఇలా రాసుకొస్తే మా పని సగం అయిపోతుందండి" అన్నారు. ఆ కంగారులో కూడా నేను కాస్త ఉబ్బిపోయాను.

నాలుగు రోజులు యాంటీబయాటిక్స్ ఎక్కించారు. జ్వరం దిగలేదు. రక్తంలో ఏ క్రిమీ పెరగలేదు, ముక్కులోంచి తీసిన పరీక్షలోనూ ఏ వైరసూ లేదు. సీటీ స్కాన్‌లో ఊపిరితిత్తులు రెండూ ఆవిరి పట్టిన అద్దంలా మసకగా కనిపించాయి. ముక్కుకి పెట్టిన ఆక్సిజన్ రోజురోజుకీ పెంచుతున్నారు.

ఐదో రోజు పొద్దున పదిన్నరకి డాక్టరుగారు నన్ను బయటికి పిలిచి ఉన్నదున్నట్టు చెప్పారు.

"ఈ స్కాన్ చూస్తే ఒక రకం ఫంగస్ న్యుమోనియా నా మనసులో మెదులుతోందండీ. కానీ అది రాకుండానే కదా ఆ మూడు రోజుల మాత్ర ఇచ్చింది. అది సరిగ్గా వేసుకునేవాళ్ళకి రావడం చాలా అరుదు. గొట్టం వేసి ఊపిరితిత్తుల్లోంచి నీరు తీసి చూస్తే తేలుతుంది. అయితే ఇంత ఆక్సిజన్ పెట్టాల్సిన స్థితిలో గొట్టం వేస్తే వెంటిలేటర్ దాకా వెళ్ళొచ్చు. సాయంత్రం దాకా చూద్దాం."

కింద క్యాంటీన్‌కి వెళ్ళి కాఫీ తీసుకున్నాను, తాగలేకపోయాను. రోడ్డు మీద ఆఫీసు బస్సులు వరుసగా వెళ్తున్నాయి. మనుషులందరూ మామూలుగా పనులకి వెళ్తుంటే నాకు వాళ్ళ మీద కోపం వచ్చింది. తను లేకపోతే ఎలా అన్న ఆలోచన అప్పుడే మొదటిసారి వచ్చింది.

పదకొండు దాటాక పైకి వచ్చాను. రిజిస్టరులో పేరు రాసి, గౌను వేసుకుని లోపలికి వెళ్ళాను. మంచానికి ఎదురుగా గోడకి తెల్ల బోర్డు ఒకటుంది. పేషెంటు పేరు, ఆ రోజు నర్సు పేరు, ఆహారం, అన్నీ ఇంగ్లిషులో నర్సులు రాస్తారు. అన్నిటికన్నా కింద "డాక్టరుని అడగాల్సిన ప్రశ్నలు" అని ఒక గడి. ఐదు రోజులుగా అది ఖాళీగానే ఉంది.

ఇప్పుడు అందులో నీలం సిరాతో, తెలుగులో, గుండ్రటి అక్షరాలతో ఇలా రాసి ఉంది: "పెద్ద బిళ్ల ఏడ వోయింది?"

ముందు ఫోన్ తీసి ఫోటో తీశాను. అది నా వృత్తి పెట్టిన అలవాటు. తర్వాత అర్థం ఆలోచించాను. ఏమీ అర్థం కాలేదు. కానీ "పెద్ద బిళ్ల" అనే మాట చూడగానే నాకు పోపుల డబ్బా గుర్తొచ్చింది. అత్తయ్యగారికి ఫోన్ చేశాను.

"పెద్ద బిళ్లనా? బంద్ చేసినం గద బిడ్డా. నువ్వే చెప్పినవ్."

"నేను స్టెరాయిడ్ కదండీ ఆపమన్నాను?"

"నాకు గా పేర్లు ఏమెరుక? పెద్ద బిళ్ల ఆపమన్నరు అన్నవ్. తెల్లది, పొడుగ్గ ఉంటది, పోరి మింగనీకి పరేషాన్ అయితుండె. గదే బంద్ చేసిన. మంచిగయింది, బిడ్డకు తిప్పలు తప్పింది అనుకున్న."

క్లినిక్ వాళ్ళు పెద్దది అన్నది ఇరవై మిల్లీగ్రాముల స్టెరాయిడ్ గురించి. ఎక్కువ మోతాదుది కాబట్టి పెద్దది. చూడటానికి అది బొట్టుబిళ్ల అంత ఉంటుంది. నేను మీటింగు హడావిడిలో పేరు చెప్పకుండా "పెద్ద బిళ్ల" అనేశాను. అత్తయ్యగారు డబ్బాలో అన్నిటికన్నా పెద్ద మాత్ర ఏదో చూసి అది ఆపారు. అదే ఆ ముందు జాగ్రత్త మాత్ర. రెండు నెలలుగా స్వప్న పాత మోతాదు స్టెరాయిడే వేసుకుంటోంది, రక్షణ మాత్ర అసలు వేసుకోవడం లేదు. నా రంగుల షీటులో మాత్రం అన్నీ సవ్యంగా ఉన్నాయి.

గౌనుతోనే వరండాలో పరుగెత్తాను. డాక్టరుగారు విని రెండు క్షణాలు కళ్ళు మూసుకున్నారు. తిడతారనుకున్నాను.

"ఇంకేం ఆలోచించక్కర్లేదు" అని నర్సుని పిలిచారు. "పరీక్ష కోసం ఆగొద్దు, మందు ఇప్పుడే మొదలెట్టండి."

ఆ మందు మరేమిటో కాదు, ఆ పెద్ద బిళ్లలో ఉండేదే. ఈసారి చాలా ఎక్కువ మోతాదులో, సెలైన్‌లో కలిపి ఎక్కించారు. ఇలాంటి చోట వాపు తగ్గడానికి స్టెరాయిడ్ కూడా కొన్నాళ్ళు పెంచాలట. గొట్టం వేయకుండా, ఉప్పునీటి ఆవిరి పట్టించి దగ్గించి కఫం తీశారు. మర్నాడు రిపోర్టులో డాక్టరుగారు అనుమానించిన ఫంగసే వచ్చింది.

మందు మొదలెట్టాక రెండు రోజులు అలాగే ఉంది. నాలుగో రోజు ఆక్సిజన్ కొంచెం తగ్గించారు. ఆరో రోజు స్వప్న నా వైపు చూసి "ఏందా గడ్డం, బిచ్చపోనిలెక్క ఉన్నవ్" అంది. ఆ మాటకి నాకు ప్రాణం లేచొచ్చింది. బయటికొచ్చి, లిఫ్టు దగ్గర అందరూ చూస్తుండగానే ఏడ్చాను. ఎవరో ముసలాయన నా భుజం తట్టి "జర ధైర్యం జెయ్యి" అన్నాడు. మంచి కబురని చెప్పేసరికి ఆయనకి నవ్వాగలేదు, నాకూ ఆగలేదు.

తను తేరుకున్నాక నా బుద్ధి పోనిచ్చుకోలేదు. బోర్డు మీద రాసిందెవరో పట్టుకుందామని బయల్దేరాను.

రిజిస్టరు చూశాను. నేను బయటికి వెళ్ళాక, తిరిగి వచ్చేలోపు ఒక్క సంతకమే ఉంది, సెలైన్ మార్చిన నర్సుది. ఆ అమ్మాయిది కేరళ. తెలుగు రాయడం వచ్చా అని అడిగితే పడీపడీ నవ్వి, కాగితం మీద "అ" అని జిలేబీ లాంటిది ఒకటి చుట్టి ఇచ్చింది. సెక్యూరిటీ ఆయన్ని బతిమాలి వరండా కెమెరా చూశాను. ఆ అమ్మాయి తప్ప ఆ తలుపు ఎవరూ తీయలేదు. వార్డులో ఉన్న మార్కర్లు నలుపు, ఎరుపు. నీలం రంగుది తాము వాడనే వాడం అన్నారు నర్సులు.

అత్తయ్యగారు ఇంట్లో ఉన్నారు, పైగా రాయడం రాదు. స్వప్న కుడిచేతికి సెలైన్ ఉంది, లేపి కూర్చోబెట్టాలంటే ఇద్దరు కావాలి. వేలి క్లిప్పు ఊడితే మిషన్ వార్డంతా వినపడేలా కూస్తుంది. అయినా తననీ అడిగాను, ఏ సాక్షినీ వదలకూడదు కదా.

"మార్కర్ కిర్రుకిర్రుమంటుంటే నాకు మెలకువ వచ్చింది. గౌను ఏసుకుని ఎవరో అటు తిరిగి రాస్తున్నరు. నువ్వే అనుకున్న. ఏం రాస్తున్నవ్ అని అడిగిన. సన్నగ నవ్విన సప్పుడు ఒచ్చింది, ఇటు తిరగలే. నేను మళ్ళ పండుకున్న."

నన్ను అన్నిటికన్నా కలవరపెట్టింది వేరే. ఆ క్షణానికి ఆ ప్రశ్న అడగాలని ఈ లోకంలో ఎవరికీ తెలియదు. ఆగింది స్టెరాయిడ్ అని నేననుకుంటున్నాను. చెప్పిందే చేశానని అత్తయ్యగారు నిశ్చింతగా ఉన్నారు. గిన్నెలో వేసింది మింగడమే తప్ప స్వప్న లెక్క చూసుకోలేదు. మా ముగ్గురిలో ఎవరికీ లేని అనుమానం బోర్డు మీదికి ఎలా వచ్చింది?

ఇంటికొచ్చేటప్పుడు డాక్టరుగారు ప్రతి మందు పేరు పక్కనా దాని బొమ్మ గీసి అత్తయ్యగారికి ఇచ్చారు. ఆ వార్డులో చేరేవాళ్ళని ఇప్పుడు చీటీ కాదు, మందుల డబ్బానే తెమ్మంటున్నారట. అత్తయ్యగారు ఇది తన గొప్పేనని అపార్ట్‌మెంటంతా చెప్పుకుంటున్నారు. నేను కాదనలేదు.

మొన్న మా లిఫ్టు చెడిపోయింది. మాది నాలుగో అంతస్తు. స్వప్న ఆగకుండా మెట్లెక్కేస్తోంది. నేను రెండో అంతస్తులో గోడ పట్టుకుని రొప్పుతూ నిలబడ్డాను. తను పైనుంచి వంగి చూసి నవ్వింది. ఆ నవ్వు వింటుంటే ఏమనిపించిందో, నాకు తెలియకుండానే మళ్ళీ అడిగేశాను.

"నిజం చెప్పు, ఆ రోజు అది ఎవరు రాశారంటావ్?"

"రాసినోళ్ళు రాసిండ్రు. నువ్వు సదివినవ్ గద, గంతే సాలు. ఇగ రా, ఆకలైతుంది" అని తను పైకి వెళ్ళిపోయింది.

ఎవరు రాశారో నాకు ఇప్పటికీ తెలియదు. కాసేపు అక్కడే నిలబడి, పై అంతస్తులో తన చెప్పుల చప్పుడు విన్నాను. ఎక్కడా ఆగలేదు.